సువర్ణపేట సిటీ స్టేషన్‌లో కుళాయి

చనిపోయినవాళ్ళ నడతతో కదిలే బొమ్మలు ఇంటింటికీ వచ్చేశాయి. రామతీర్థంగారు బల్లమీద తాను కల్పించి కట్టుకున్న సువర్ణపేట సిటీ స్టేషన్‌లో, భార్య అనసూయ బొమ్మను బుల్లి రైలెక్కించారు. అది కూర్చోదు. పెట్టె గుమ్మంలో నిలబడి ప్లాట్‌ఫాం అంతా కళ్ళతో గాలిస్తుంది. రైలు కదిలితే చాలు, గాభరాగా కిందికి దూకేస్తుంది. పొద్దున్నుంచీ ఇదే వరస. ఆయనకు అన్నం సయించలేదు.

చూడవచ్చిన మరదలు భ్రమరాంబ నవ్వింది. "మా అక్క ఎప్పుడూ అంతే కదా బావగారూ! స్టేషనొస్తే మీరు సీసా పట్టుకుని నీళ్ళకి దిగేవారు. మళ్ళీ ఎక్కేదాకా దానికి ఊపిరాడేదా?"

ఆయన ప్లాట్‌ఫాం మీది కుళాయిని పట్టకారుతో పీకేశారు.

"అనసూయా, ఇక్కడ నీళ్ళు లేవు. నేను దిగలేదు."

రైలు కూత వేసింది. అనసూయ లోపలికి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది. పక్క సీట్లో తువ్వాలు వేసింది.