ఉత్తరానికి నూరడుగులు

“కంపాసు సైదులు పట్టుకుంటడు. చీటీలు దశరథ చదువుతడు,” అన్నాడు బాలస్వామి సార్.

దశరథకు ఒళ్లు మండిపోయింది. ఇబ్రహీంపట్నం బడి మొత్తానికి ఉన్నది ఒక్కటే కంపాసు, అది మళ్లీ సైదులు చేతికే పోయింది. వాడి ఖాకీ లాగు ఎవరో తొడిగి విడిచిన పాతది, వెనక రెండు అతుకులు. తనదేమో కొత్త జత, మెడలో ఈల కూడా ఉంది. అయినా సార్ కంటికి సైదులు తప్ప ఇంకో స్కౌటు ఆనడు.

ఆదివారానికి ఒక జంట చొప్పున ఆట, ఓడినవాళ్లు పోగా చివరికి మిగిలింది వీళ్లిద్దరే. చీటీల్లోని పొడుపుకథలు విప్పుకుంటూ, కంపాసు చూసుకుంటూ పోయి దాచిన డబ్బాను పట్టుకోవాలి. ఇద్దరిలో ఎవరు ముందు ముట్టుకుంటే పట్నంలో జరిగే స్కౌటు ర్యాలీలో జెండా పట్టేది వాడే. దశరథ నెల రోజులుగా ఆ జెండానే కలగంటున్నాడు.

బయల్దేరేముందు సార్ సైదులును పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. వాడి మొహం వెలిగిపోయింది. వెంటనే పెదవి కొరుక్కున్నాడు.

“ఏం చెప్పిండ్రా సారు?”

“ఏం లే.”

ఇంకేం చెప్తాడు, జవాబులు చెప్పేసి ఉంటాడు!

పోలీసు యాక్షన్ అయి మూడేళ్లు కావస్తోంది. రాచకొండ గుట్టల్లో ఇంకా తుపాకులు దింపని కమ్యూనిస్టు సంఘపోళ్లు ఉన్నారని మిలిట్రీ చెరువు కట్ట మీద కాపలా కాస్తూనే ఉంది. గడ్డి మోపులను కూడా పొడిచి చూసే జవాన్లు స్కౌటు పిల్లలు కనబడితే మాత్రం నవ్వి వదిలేస్తారు. ఇద్దరూ మూడు వేళ్లెత్తి సలాం చేసి కట్ట ఎక్కారు.

“నీ లాగు ఎవరిచ్చిండ్రు?” అన్నాడు దశరథ ఊరుకోలేక. “మా బాపు నాకు గీ జత పట్నం పోయి కుట్టించుకొచ్చిండు. షోలాపూర్ మిల్లుకు పోయి ఐదేండ్లాయె గద మీ బాపు, ఒక్క అంగీ అన్న పంపిండా?”

సైదులు కంపాసు ముల్లును చూస్తూ నడిచాడు.

దశరథ మొదటి చీటీ విప్పాడు. “నోరేమో చెరువుల, తోకేమో పొలంల...”

“తూము,” అన్నాడు సైదులు, సగంలోనే.

తూము రాయి కింద రెండో చీటీ దొరికింది. “కూసున్న కాడికెళ్లి కదలడు, పట్నం ఎంత దూరమో...”

“మైలురాయి.”

“నీకు ముందే ఎట్ల ఎరుక?”

“గివి చిన్నప్పుడు ఇంట్ల ఇన్నయే.”

దశరథ నమ్మితే ఒట్టు. సార్ పక్షపాతం పట్టపగలు కనబడుతుంటే ఇంటి మీదకు నెడుతున్నాడు!

మైలురాయి వెనక గడ్డిలో మూడో చీటీ ఉంది. అందులో పొడుపుకథ లేదు. సార్ చేతిరాత మాత్రం ఉంది: “దశరథ ఇక్కడే ఆగాలి. సైదులొక్కడే ఉత్తరానికి నూరడుగులు పోవాలి.”

దశరథ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బాను తీసుకుపోయి వాడి ఒళ్లో పెడితే సరిపోయేది కదా, ఇంత నాటకం దేనికి?

“చదువురా,” అన్నాడు సైదులు ఆత్రంగా.

“దక్షిణానికి రెండు నూర్ల అడుగులు,” అని చదివాడు దశరథ. “నువ్వు పో, నా కాల్ల ముల్లు ఇరిగింది. తీసుకొని వస్త.”

సైదులు కంపాసు పట్టుకుని పరుగులాంటి నడకతో దక్షిణానికి పోయాడు. వాడు తుప్పల చాటు కాగానే దశరథ పొద్దును కుడిచేతి వైపు పెట్టుకుని ఉత్తరానికి ఉరికాడు.

సీతాఫలం చెట్ల మధ్య ఒక బండ. దాని నీడలో గొంగడి కప్పుకున్న మనిషి కూర్చుని ఉన్నాడు. చుట్టుపక్కల ఒక్క గొర్రె లేదు. పక్కన రేకు డబ్బా ఉంది. సార్ కాపలా పెట్టి ఉంటాడనుకున్నాడు దశరథ.

ఆ మనిషి దిగ్గున లేచాడు. “సైదులువా?”

కాదంటే డబ్బా ఇవ్వడు.

“అవ్,” అన్నాడు దశరథ.

ఆ మనిషి వాణ్ని తల నుంచి కాళ్ల దాకా చూశాడు. మళ్లీ కాళ్ల నుంచి తల దాకా చూశాడు. “పొద్దుగాల తిన్నవా?”

“తిన్న.”

“ఏం తిన్నవ్?”

“జొన్న రొట్టె.”

“బడికి రోజూ పోతున్నవా?”

“పోతున్న. డబ్బా ఇయ్యి.”

ఆ మనిషి డబ్బా ఇచ్చాడు. ఇచ్చి, వాడి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ఎంతకీ తియ్యడే! దశరథకు మళ్లీ మండింది. సైదులు పేరు చెబితే చాలు, దారిన పోయేవాడు కూడా ముద్దు చేస్తాడు. తల విదిలించుకుని వెనక్కి తిరిగాడు.

“పైలంగ పో బిడ్డా,” అని వినబడింది. తిరిగి చూసేసరికి ఆ మనిషి గుట్టల దిక్కు వడివడిగా పోతున్నాడు.

డబ్బాలో కత్తితో చెక్కిన బొంగరం, నాలుగు పల్లీ ఉండలు ఉన్నాయి. ఇంతేనా అనుకున్నాడు దశరథ. ఇంతే అయినా గెలుపు గెలుపే, జెండా తనదే.

సైదులు మైలురాయి దగ్గరికి తిరిగొచ్చి నిలబడి ఉన్నాడు. డబ్బాను చూశాడు.

“అబద్ధం చదివినవా?”

“అవ్, చదివిన. సారు నీకు జవాబులు చెప్పలేదా? దానికి దీనికి సరి.”

“సారు జవాబులు చెప్పలే.”

“మరి చెవుల ఏం చెప్పిండు?”

సైదులు దశరథ భుజం మీదుగా ఉత్తరం వైపు చూశాడు. “ఆడ ఎవలన్న ఉండెనా?”

“ఒకాయన ఉండె. గుట్టల దిక్కు పోయిండు.”

సైదులు నాలుగడుగులు ఉరికి ఆగిపోయాడు. అక్కడ ఎండ తప్ప ఎవరూ లేరు. కట్ట మీది జవాన్ల వైపు ఒకసారి చూసి, దశరథ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“మా బాపు నన్ను అడిగిండా?”