పన్ను కట్టినవాళ్లకు బ్యాండు

“సీలు వేస్తారా? వేసుకోండి. తాళం మాత్రం మా కొట్లోనే కొనండి, ధర తగ్గించి ఇస్తాను” అన్నాడు తాళాల కొట్టాయన, తడి రంగు అంటకుండా గోడకు దూరంగా జరుగుతూ.

బిల్లు కలెక్టర్‌కు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఈ ఇంటి పన్ను వసూలు కాలేదు. జరిమానా మీద జరిమానా వేశాడు. గుమ్మం ముందు డప్పు కొట్టిస్తే, ఆయన కుర్చీ తెచ్చుకుని మరీ విన్నాడు. నెలాఖరులోగా ఈ ఒక్క ఇంటి బకాయి రాకపోతే తనకు బదిలీ ఖాయం.

కొత్తగా వచ్చిన మున్సిపల్ కమిషనర్ మేడమ్ దగ్గర మొర పెట్టుకున్నాడు.

“బెదిరిస్తే మనిషి బిగుసుకుపోతాడండీ. గౌరవిస్తే కరుగుతాడు. ఆ డప్పు మాన్పించండి. పన్ను కట్టినవాళ్ల ఇంటికి మన ఖర్చుతో బ్యాండు పంపుదాం. ఊరంతా చాటించండి.”

“ఆయన బ్యాండుకు లొంగే ఘటం కాదు మేడమ్.”

“చూద్దాం.”

చాటింపు వేసిన మర్నాడే తాళాలాయన ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు.

“బ్యాండు సంగతి నిజమేనా అమ్మా?”

“నిజమేనండీ.”

“బాకా కూడా ఉంటుందా?”

“ఉంటుంది” అంది మేడమ్ నవ్వాపుకుంటూ.

“అయితే జరిమానాతో సహా ఇప్పుడే కట్టేస్తాను. కానీ ఆదివారం పొద్దున పదింటికే రావాలి. సందు మొదట్నుంచీ వాయించుకుంటూ రావాలి. ఇన్నాళ్లూ డప్పు విన్నవాళ్లంతా ఇదీ వినాలి కదా!”

మేడమ్ కళ్లు చెమర్చాయి.

“చూశారా?” అంది ఆయన వెళ్లాక. “మనిషికి కావలసింది కాస్త మర్యాద.”

బిల్లు కలెక్టర్‌కు బదిలీ తప్పిందన్న సంతోషం ఒకవైపు, ఇంత మెత్తటి మనిషిని ఇన్నేళ్లు వేధించానే అన్న బాధ మరోవైపు.

ఆదివారం సరిగ్గా పదింటికి సందు మలుపులో బ్యాండు మోగింది. కిటికీలు తెరుచుకున్నాయి, పిల్లలు మేడలెక్కారు. తాళాలాయన కొత్త బట్టల్లో ఎదురొచ్చి, బ్యాండుకు ముందు నడిచాడు.

“బాకా ఇంకొంచెం గట్టిగా, నాయనా!” అన్నాడు.

మేడమ్‌తో పాటు గుమ్మం దగ్గర నిలబడ్డ బిల్లు కలెక్టర్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. బ్యాండు వచ్చి ఇంటి ముందు ఆగింది.

వెనకే వచ్చిన పూల కారులోంచి పెళ్లికొడుకు దిగాడు.