లాభం తర్వాత

లెక్కల్లోకి శుభాశుభాలు ఎట్లా చొరబడినాయో గంగాధర్ పరిశోధన. గింజలు కొలిచేటప్పుడు మొదటి శేరును ఒకటి అనరు, లాభం అంటారు. ఆ ఆచారం గురించి రాసుకునేదానికే సొంతూరు వచ్చినాడు. పోయినేడు కొలిచేందుకు గింజ లేక, నాయన కల్లంలోనే ప్రాణం తీసుకున్నాడు.

"చీకటి పడినాక కల్లం కాడికి పోవద్దప్పా," అనింది పక్కింటి ఓబులమ్మ. "మీ నాయన ఆడ ఇంకా కొలుస్తానే ఉండాడు."

అయినా పోయినాడు. ఎండిన నేలను శేరు గీరిన చప్పుడు. "లాభం." నాయన గొంతే. మళ్లీ చప్పుడు, మళ్లీ "లాభం." లెక్క అంతకుమించి కదల్లేదు.

చిన్నప్పుడు నాయన ఒక అంకె అంటే తర్వాతిది అందించేది గంగాధరే. "రెండు, నాయనా," అన్నాడు.

"మూడు!" సంబరంగా వినపడింది. గంగాధర్ పాదాల మీద శేరెడు మట్టి చల్లగా పడింది.

తర్వాతి అంకె కోసం నాయన ఆగినాడు. గంగాధర్ నోరు దానంతటదే తెరుచుకునింది.