పద్నాలుగు అడ్డం

"అమ్మా, ఈ కుంభిలుడంటే ఏమిటి? పొద్దుటి నుంచీ పాఠకులు ఫోన్ల మీద ఫోన్లు!"

ఫోన్లో ఎడిటర్ గొంతు మహా హుషారుగా ఉంది. కిందటి ఆదివారం పజిల్‌కి జవాబులు ఇవాళ్టి పేపర్లో పడ్డాయి. పద్నాలుగు అడ్డానికి నేనిచ్చిన ఆధారం: 'ఈ పజిల్ కూర్చినవాడు.' జవాబు, కుంభిలుడు.

గళ్ళు నావి, ఆధారాలు నావి. 'కూర్పు' అన్నచోట మాత్రం ఏడాదిగా ఆయన పేరు పడుతోంది. అడిగితే, "ఆడవాళ్ళు కూరిస్తే ఎవరు పూరిస్తారమ్మా?" అని ఇకిలించాడు.

"అచ్చుకి పంపేముందు మీరు చూడలేదా సార్?"

"నీ పని నేను చూసేదేముంది? ఏదో బిరుదులా గంభీరంగా ఉంది కదా, ఆ కుంభిలుణ్ణి నేనేనని అడిగినవాళ్ళందరికీ చెప్పాను. మన ఓనరు గారిక్కూడా చెప్పాను. అర్థమేమిటయ్యా అన్నారాయన."

"మీ టేబుల్ ఫ్యాను కింద ఎత్తు కోసం పెట్టుకున్న లావుపాటి పుస్తకం ఉంది చూశారూ, అది నిఘంటువేనండి. తీసి చూడండి."

ఫ్యాను జరిపిన చప్పుడు, దుమ్ముకి తుమ్మిన చప్పుడు, పేజీలు తిప్పుతున్న చప్పుడు వరసగా వినిపించాయి.

"ఆఁ, దొరికింది! కుంభిలుడు... ఇతరుల రచనను దొంగిలించి..."

పుస్తకం ఠక్కున మూసిన చప్పుడు.

మిగిలింది నేనే పూరించాను. "తనదని చెప్పుకునేవాడు. వచ్చే వారం కూడా మీ పేరే వేసుకోండి సార్. ఈపాటికి అర్థం అందరూ నిఘంటువుల్లో చూసుకునే ఉంటారు."