హైమ ఒప్పుకోలు

ఊరంతా కంప్యూటర్లో ఆడే దెయ్యాల ఆటలో అలివేలు మొదలుపెట్టిన కథ ఒకటి ఇంకా సాగుతూనే ఉంది. అందులో నూతిలో దెయ్యం వేషం ఆమె చెల్లెలు హైమది. హైమ చనిపోయాక ఆ వేషాన్ని ఆమె మాటతీరు నేర్చుకున్న యంత్రమే ఆమె గొంతుతో ఆడిస్తోంది. కథ ముగిస్తే ఆ దెయ్యం చస్తుంది, ఆ గొంతూ ఆగిపోతుంది. అందుకే అలివేలు, కంచంలో అన్నం ఎండిపోతున్నా లేవకుండా, మలుపు మీద మలుపు పెడుతోంది.

“ఇవాళ ముగించెయ్యండి మేడమ్. అందరూ విసిగిపోయారు,” అన్నాడు ఆట నడిపే ప్రభుదాసు.

“వేషం వేసినవాళ్లు ఒప్పుకోందే ఆ వేషాన్ని చంపకూడదని రూలు పెట్టింది మీరేగా? మా హైమని అడగండి!” అని అరిచింది అలివేలు.

అతను నిజంగానే అడిగాడు. తెరమీద దెయ్యం నూతిలోంచి తల పైకెత్తింది.

“ఒప్పుకుంటున్నానండీ. మా అక్కని కాస్త అన్నం తినమనండి.”