సన్నక్క

"రవ్వంత జరుగు పాపా" అంటూ ఒకావిడ వచ్చి సుగంధి పక్కన కూర్చుంది.

తిరుత్తణిలో బయల్దేరబోతున్న లోకల్ రైలు, ఆడవాళ్ళ పెట్టె. ముగ్గురు పట్టే సీటు ఆ ఇద్దరితోనే నిండిపోయింది.

సుగంధి మొహం చిట్లించుకుంది. తిరువళ్ళూరులో ఒళ్ళు తగ్గించే సెంటరులో చేరడానికి పోతున్న రోజే పక్కన ఇలాంటి మనిషి కూర్చోవాలా అనుకుంది.

తమ్ముడి నిశ్చితార్థం ఫోటో చూసి చుట్టాలు "సగం ఫోటో సుగంధే" అన్నప్పటి నుంచి ఆమె కీరకాయలతో కాపురం చేస్తోంది. ఫోన్ మీద మొగుడి ఫోటో తీసేసి, ఆ సెంటరు ప్రకటనలోంచి సన్నటి ఆవిడ బొమ్మ ఒక్కటే కత్తిరించి పెట్టుకుంది. ఆకలేసినప్పుడల్లా దాన్ని చూసుకుంటుంది. మొగుడు హేమనాథ్ ఆ బొమ్మకు సన్నక్క అని పేరు కూడా పెట్టేశాడు.

నిన్న అన్నాల దగ్గర కూతురు జ్యోతిక బడిలో జరిగిన తమాషా ఒకటి మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసింది.

"ఏందే, ఆపేస్తివి?" అన్నాడు హేమనాథ్.

"అమ్మ ఆకలితో ఉండాది నాయనా. నవ్వితే తిడతాది."

ఆ మాట సుగంధికి ముల్లులా గుచ్చుకుంది. సన్నబడితే అన్నీ అవే సర్దుకుంటాయని తనకు తానే చెప్పుకుంది.

రైలు కదలగానే పక్కనావిడ డబ్బా మూత తీసింది. మసాలా వడల వాసన పెట్టెంతా పరుచుకుంది.

"తీసుకో పాపా. కొండకు పోయి వస్తా ఉండా. మా వదిన చేసిచ్చె."

"వద్దక్కా. డైట్‌లో ఉండాను."

"డాక్టరు చెప్పినాడా?"

"లేదు. చుట్టాలు చెప్పినారు."

"డాక్టరు చెప్తే వినల్ల. చుట్టాలకేముంది, నువ్వు సన్నబడితే ఏం రోగమో అంటారు."

చెప్పి తనే నవ్వింది. ముందు పళ్ళ మధ్య సందు కనిపించేలా, పొట్ట కదిలేలా నవ్వింది. ఎందుకో తెలియకుండానే ఎదురు సీటు వాళ్ళకూ నవ్వొచ్చింది. సుగంధికి మాత్రం రాలేదు. కడుపులో పేగులు అరుస్తుంటే, అలవాటుగా ఫోన్ తీసి సన్నక్కను చూసుకుంది.

ఆవిడ తొంగిచూసింది. నవ్వు ఆపి, కాసేపు ఆ బొమ్మనే చూసింది.

"ఎవురు పాపా ఇది?"

"ఎవురో. సెంటరులో చేరి మూడు నెలల్లో ఇట్లయింది. నేనూ ఇట్ల కావల్ల."

"పాపం, పెదాలు బిగించుకోనుండాది."

"బాగానే ఉండాది కదా."

"ఆకలి పాపా అది. ఇంట్లో అందరి మీదా అరిచి వచ్చి ఫోటోకు నిలబడింటాది."

సుగంధికి చుర్రుమంది. తన సన్నక్కను అంటే ఊరుకుంటుందా?

"చేతకానోళ్ళు అట్లనే అంటారు. ఇట్ల కావడం మీవల్ల కాదులే అక్కా."

అనేశాక నాలుక్కరుచుకుంది. ఆవిడ మాత్రం ఇంకా గట్టిగా నవ్వింది.

"నిజమే పాపా. ఇంకొక తూరి నావల్ల కాదు. అది సరే, నువ్వు బాగా నవ్వి ఎన్నాళ్ళయింది?"

సుగంధి ఆలోచించింది. మణవూరు స్టేషను పోయింది, కడంబత్తూరు పోయింది, లెక్క మాత్రం తేలలేదు.

తిరువళ్ళూరులో ఆమె దిగుతుంటే, ఆవిడ ఒక వడను అరిటాకు ముక్కలో చుట్టి చేతిలో పెట్టింది.

"తినకపోతే మానె. చేతిలో పెట్టుకో పాపా."

తను అన్న మాటకు ఏమీ అనుకోవద్దని చెప్పేలోపే రైలు కదిలింది. పేరైనా అడగలేదు.

సెంటరు అద్దాల తలుపు మీద సన్నక్క నిలువెత్తు బొమ్మ ఉంది. వడతో లోపలికి పోలేకపోయింది, పారేయడానికీ చెయ్యి రాలేదు. సుగంధి ఒక కొస కొరికింది. సోంపు, కరకరలాడే పప్పు. చూస్తుండగానే ఆకు ఖాళీ అయింది.

'నువ్వు సన్నబడితే ఏం రోగమో అంటారు.'

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు నవ్వొచ్చింది. రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ప్రాణం ఎంత తేలికైందో చెప్పలేం. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"జ్యోతికా, నిన్న చెప్తా ఆపేస్తివే, ఆ కత వచ్చి వింటా. మొత్తం చెప్పల్ల. నాకూ చేర్చి అన్నం వండమను నాయనను."

"మరి డైటు? మామ పెండ్లి ఫోటో?"

"ఫోటోలో సగం నేనే ఉంటా. మిగతా సగంలో మీరు సర్దుకోండి."

అవతల కూతురు పకపకా నవ్వింది. దాని వెనక హేమనాథ్ నవ్వు కూడా వినిపించింది.

సుగంధి వెనక్కి తిరగబోతూ తలుపు రెండో అద్దం వైపు చూసింది. దాని మీద సన్నబడకముందటి సన్నక్క ఉంది. ప్రకటనలోనూ ఈ బొమ్మ ఉండేది. ఆ లావు మొహంలో తన మొహమే కనబడుతుందని, సరిగ్గా చూడకుండానే కత్తిరించి పారేసింది.

ఇప్పుడు చూసింది. నిండు బుగ్గలతో, ముందు పళ్ళ మధ్య సందు కనిపించేలా, చూసేవాళ్ళకూ నవ్వొచ్చేలా నవ్వుతున్నది రైల్లో వడ పెట్టిన ఆవిడే.