ఆగిన చోటు

"అక్కడ ఆగకమ్మా," అంది వెనక వరసలోంచి ఓ గొంతు.

పెద్ద వయొలిన్‌లాంటి చెల్లో వాయిస్తున్న అమ్మాయికి ఒళ్ళు మండింది.

రిహార్సల్‌కి హాలు తలుపు తీస్తే చాలు, ఈ ముసలావిడ వచ్చి కూర్చుంటుంది. ఎవరో ఏమిటో తెలీదు. గడ్డం మీద పాత గాటు, ఒళ్ళో గుడ్డ సంచీ.

"ఆగింది నేను కాదు బామ్మగారూ, ఇది రాసినాయనే! ఇంట్లో వాయించుకున్న రికార్డు ఒక్కటే మిగిలింది. అందులో ఇక్కడే చాలాసేపు ఆగి, తర్వాత మెల్లగా అందుకుంటాడు."

"కాగితం మీద ఉందా, ఆగమని?"

"లేదు. రాయకుండా వాయించేవి బోలెడుంటాయి. అందుకే రికార్డు వినాలి."

ఆ అమ్మాయికి అదే పిచ్చి. వందల ఏళ్ళ నాటి సంగీతానికి చేసే పరిశోధనంతా తాతల కాలపు ఈ సోలోకి చేస్తోంది. చెల్లోకి స్టీలు తీగలు తీసేసి, అప్పట్లో వాడిన గొర్రె పేగు తీగలు బిగించింది. స్వరం నుంచి స్వరానికి ఆయనలాగే జారడం నేర్చుకుంది. "నీకేమన్నా ఆ తాతగారి దయ్యం పట్టిందటే?" అని తోటివాళ్ళు ఏడిపించారు కూడా.

అన్నీ పట్టుబడ్డాయి. అక్కడెందుకు ఆగాడన్నదే అంతు చిక్కలేదు. తెలియకుండా ఆగితే ఉత్త నటనే అవుతుందని ఆమె భయం. అడుగుదామంటే ఆయన్నెరిగినవాళ్ళు ఒక్కరైనా దొరకలేదు.

"ఆయన రోజూ ఆగేవాడు కాదమ్మా," అంది ముసలావిడ గడ్డం తడుముకుంటూ. "కాసేపు కూర్చో, చెబుతా."

"మీరేమన్నా పక్కన కూర్చుని విన్నారా?" నవ్వేసింది అమ్మాయి. "ఇప్పుడు ఊపిరి సలపడం లేదండీ. కచేరీ అయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

"సరే తల్లీ. వేళ్ళు జాగ్రత్త."

సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

కచేరీలో ఆ చోట హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ మౌనంలో ఒక తరం దుఃఖం వినిపించిందని పేపర్లో రాశారు. అమ్మాయికి మాత్రం వెనక వరసలో ఆ ఖాళీ కుర్చీయే కళ్ళల్లో మెదులుతోంది.

మర్నాడు వాచ్‌మన్‌ని అడిగింది.

"ఆవిడా? కచేరీ ముందు రోజే పోయారమ్మా. నిద్రలోనే."

అయ్యో, పేరైనా అడగలేదే అని ఆమె ప్రాణం ఉసూరుమంది.

ఆ వారంలోనే సౌండ్ ఇంజనీరు ఫోన్ చేశాడు. పాత రికార్డులోని గరగరలు తీసిపెట్టమని ఆమే ఎప్పుడో ఇచ్చింది.

"నీ మౌనం మౌనం కాదే బాబూ! వచ్చి విను."

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. చెల్లో సాగింది. ఆ చోటు వచ్చింది.

స్టూలు పడిన చప్పుడు. పసిపిల్ల ఏడుపు. గబగబా నడిచిన అడుగులు.

తర్వాత ఓ మగగొంతు, కంగారుగా: "ఏదీ, చూడనీ తల్లీ... గడ్డం చిట్లిందా? ఊరుకో, ఊరుకో. నా పక్కనే కూర్చో. ఇదిగో, మెల్లగా వాయిస్తా, విను."